ఆర్కిడ్లకి గంపెడు ఎరువు

వెనకటికి ఒక రాజుగారి తోటలో ఆర్కిడ్ మొక్కలన్నీ మాడిపోయాయి.

"ఎరువు వేసింది తోటమాలి సింగన్న. ఇరవై కొరడా దెబ్బలు కొట్టించండి!" అన్నాడు దివాను, భుజమ్మీది శాలువా సర్దుకుంటూ.

సింగన్నకి ఒళ్లు మండిపోయింది. కొమ్మల మీద బతికే మొక్కలివి, పలచటి ఎరువునీళ్లు చిలకరిస్తే చాలని మొత్తుకున్నా వినకుండా, గంపలకొద్దీ పచ్చి మేకపెంట కుమ్మరించమన్నది ఈ దివానే.

"మహారాజా! నా పలచటి నీళ్లకి నిరుడు ఇవే మొక్కలు విరగబూస్తే శాలువా ఎవరికి కప్పారు?" అన్నాడు పళ్లు కొరుకుతూ.

"దివానుకి. వేసిన చెయ్యి ఎవరిదైతేనేం, వేయించింది తనేనన్నాడుగా!"

"ఈసారి నిజంగానే వేయించింది ఆయనే బాబూ! శాలువా కప్పిన వీపుకే కొరడా కూడా ఇప్పించండి."

రాజుగారు భటుడికేసి తిరిగాడు. "ముందు ఆ శాలువా తియ్యరా!"