మౌలాలి ముడుల పుస్తకం

మౌలాలి తొమ్మిదేళ్ళు కూర్చుని ఒక పుస్తకం రాసినాడు. దాన్ని చదివేవాడు ఒక్కడూ దొరకలేదు.

దేని మీద పుస్తకమంటే, ముడుల మీద. మొక్కుకున్నవాళ్ళంతా మా దర్గా కిటికీ రాతి జాలీకి దారాలు కట్టిపోతారు. బిడ్డ పుట్టాలని, జరం తగ్గాలని, వాన పడాలని. దర్గా ఊడ్చేది నేను, నాకు కనబడేది ఒట్టి దారాలే. మౌలాలి ముడి చూస్తాడు. పరుపులు కుట్టేవాడు కదా, చేతికి దారం అలవాటు. సాలెవాళ్ళ ముడి వేలితో తడిమినా తగలదంటాడు. గొర్లకాపరి ముడి కొస పట్టి లాగితే ఊడి వస్తుందంట. పూలమ్మే ఆమె కట్టేది అసలు ముడే కాదంట, మెలికంట. ఇట్లాంటివి మూడువందల పన్నెండు, బొమ్మ గీసి కింద వివరం రాసి పెట్టినాడు.

'ముడుల పిచ్చోడు' అని పేరు పెట్టింది మేమే. దాచేదేముంది?

పోయినేడు ఆయన భార్య కాశింబీ చనిపోయింది. నలభయ్యో రోజు ఫాతెహా కాంగానే మళ్ళీ వచ్చి జాలీ ముందర పెన్సిలు పట్టుకొని కూర్చున్నాడు. వీనికి మనసనేది ఉండాదా అని లోపల్లోపల తిట్టుకున్నా. మనిషి చిక్కి సగమైనాడనేది మాత్రం నా కంటికి ఆనలేదు.

పుస్తకం ముగిసినాక టౌనులో అచ్చాఫీసుకు తీసుకపోతే, "ఎవరు కొంటారయ్యా దీన్ని?" అని అట్టయినా తిప్పకుండా చేతికిచ్చినారంట. బడిపంతులుకు చూపిస్తే ఆయన పగలబడి నవ్వినాడు.

"పెళ్ళికి మూడు ముళ్ళు చాలు గదప్పా, నీకు మూడువందలెందుకు?"

ఆ మాటతో మౌలాలికి మనసు ఇరిగిపోయింది. ఆ పొద్దే పుస్తకం సంకలో పెట్టుకొని మా గురువు దస్తగిరి తాత దగ్గరికి వచ్చినాడు. తాత దర్గా వాకిట్లో చాప మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తా ఉన్నాడు.

"సామీ, దీన్ని బావిలో ఏసేస్తా. మీకొక మాట చెప్పి పోదామని వచ్చినా."

"ఏస్తువులే. ముందు చదువు, ఇంటా."

"మీకు విసుగొస్తాది సామీ."

"నా విసుగు నేను పడతా. నువ్వు చదువు."

మౌలాలి మొదటి పేజీ తీసినాడు. తాత గింజలు పక్కన పెట్టి, తెలియనిచోట అడుగుతా, ఒక్కో ముడీ విన్నాడు. పక్కన నిలబడిన నాకు రెండుసార్లు ఆవులింత వచ్చింది. తాతకు ఒక్కసారీ రాలేదు.

అట్లా చదువుతా చదువుతా రెండువందల డెబ్బయ్యో ముడికి వచ్చినాడు.

"కింది వరస, మూల. పరుపు కుట్టే మైనం దారం. ఒంటిచేత్తో, అదీ ఎడమచేత్తో కట్టినది. కొసను పంటితో పట్టి లాగినట్టుంది. పద్ధతి లేదు. చేతకాని ముడి."

"మళ్ళీ చదువు" అన్నాడు తాత.

మౌలాలి మళ్ళీ చదివినాడు.

తాత మోకాళ్ళు పట్టుకొని లేచినాడు. మెల్లగా జాలీ దాకా నడిచి, మౌలాలి వేలు పట్టుకొని ఆ మూల ముడి మీద పెట్టినాడు.

"ఎవరిదప్పా ఇది?"

"పేర్లు రాసుకోలేదు సామీ. ముడి ఉంటే చాలు గదా అనుకున్నా."

"మన ఊర్లో పరుపులు కుట్టేటోళ్ళు ఎంతమంది?"

"నేనొక్కన్నే..." అని ఆగిపోయినాడు మౌలాలి.

పక్షవాతం కొట్టి కాశింబీకి కుడిచెయ్యి పడిపోయిన సంగతి ఊరందరికీ తెలుసు. కడపటి ఆర్నెల్లూ ఆమె అన్నం తినిందీ, తల దువ్వుకునిందీ ఎడమచేత్తోనే.

మౌలాలి వేలు ముడి మీది నుంచి తీయలేదు.

"ఎప్పుడు కట్టింది సామీ?"

"ఒక బేస్తవారం. నువ్వు ఆ గోడ కాడ బొమ్మ గీసుకుంటా ఉన్నావు. పిలుస్తానంటే వద్దనింది. పని చెడుతుందనింది."

"చెయ్యి రావాలని కట్టుకుందేమో పాపం. రాకుండానే పాయె."

"చెయ్యి కోసం కాదు."

తాత జాలీని పట్టుకొని మౌలాలి దిక్కు తిరిగినాడు.

"ఆయన పుస్తకం ఎవరన్నా ఒకరు కడదాకా వినాల సామీ, అనింది. నాకా, ఇంటే సగంలోనే నిద్రొస్తాది, అని నవ్వింది కూడా."

మౌలాలి ఉన్నచోటే కూలబడి చిన్నపిల్లోని మాదిరి ఏడ్చినాడు. ఆమె చచ్చిపోయిన రోజు కూడా అంత ఏడ్వలేదు. ఊడ్చే పరక కింద పెట్టి నేనూ పోయి ఆయన పక్కన కూర్చున్నా.

తాత కూడా మాతోబాటే జాలీ ముందరి బండల మీద చతికిలబడినాడు. ఏడుపు నెమ్మదించినాక పుస్తకం తీసి మౌలాలి ఒళ్ళో పెట్టినాడు.

"ఇంకా ఎన్ని ముడులుండాయి?"

"నలభైరెండు సామీ."

"చదువప్పా."