రాజుగారి అంగీకారం

ఒకానొక కొండరాజ్యంలో చలి ఎక్కువ, రాజుగారి డాబు అంతకంటే ఎక్కువ. ఆయన పేరు మకుటవర్మ. ఆయనకు అంగీలంటే ప్రాణం. కొలువుకొక అంగీ, వేటకొక అంగీ, వానకొక అంగీ, యుద్ధానికొక అంగీ.

కొలువు అంగీకి జరీ ఎంత దట్టంగా పట్టించాడంటే, మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాల్సిందే. వేట అంగీకి వెండి మువ్వలు కుట్టించాడు. అది తొడుక్కుని అడవికి వెళ్ళిననాడు ఒక్క కుందేలు కూడా కంటపడేది కాదు. యుద్ధం అంగీ అంతా ఇనుప గొలుసులే. దానితో గుర్రం ఎక్కడానికి నలుగురు, దిగడానికి ఆరుగురు సాయం పట్టాలి. ఏ శత్రువూ దండెత్తి రాలేదు కాబట్టి పరువు దక్కింది.

ఇవన్నీ చాలక, ఒకనాడు రాజుకు మరో ఆలోచన వచ్చింది.

"అంగీ రాజచిహ్నం. అడ్డమైనవాళ్ళూ తొడిగితే ఇక మా గొప్ప ఏముంది?" అన్నాడు.

"అవును ప్రభూ, ఏముంది?" అన్నాడు ఆస్థాన పండితుడు సర్వేశ్వర శాస్త్రులు. రాజు తాన అంటే ఆయన తందాన అనేవాడు.

వెంటనే కోట గుమ్మం దగ్గర రాతిమీద శాసనం చెక్కించారు: "మహారాజుగారి అంగీకారము లేనివాడు అంగీ తొడగరాదు. అట్టివానికి కుట్టిన దర్జీ దేశము విడువవలెను."

పుష్యమాసం వచ్చింది. ఒక పొద్దున రాజు జరీ అంగీ తొడుక్కుని కోట బురుజు ఎక్కాడు. జరీకి మెరుపే గాని వెచ్చదనం ఎక్కడిది? పళ్ళు టకటకలాడుతున్నాయి. అక్కడ పహరా కాస్తున్న పన్నెండుమంది మాత్రం హాయిగా నిలబడి ఉన్నారు. అందరి ఒంటిమీదా లావుపాటి దూది అంగీలు!

రాజుకు అరికాలి మంట నెత్తికెక్కింది. దర్జీ నాగలింగాన్ని సభకు ఈడ్చుకొచ్చారు. రాజుగారి అంగీలన్నీ కుట్టేదీ ఆ ముసలాయనే.

"మా శాసనం చూశావా?"

"చూశాను ప్రభూ. పహరావాళ్ళ దగ్గూ విన్నాను. చెవులు ఊరుకోనివ్వలేదు," అన్నాడు నాగలింగం. "అంగీ పనిని బట్టి ఉండాలి గదండీ. పల్లకీ మోసే బోయీకి చేతుల్లేని అంగీ కుట్టాలి, భుజం ఆడాలి కాబట్టి. వంటవాడికి పొట్టి చేతులది కుట్టాలి, నిప్పు అంటుకోకుండా. పహరావాడికి దూది పెట్టి కుట్టాలి. లేకపోతే గాలికి గుండె పట్టేస్తుంది."

"మాకే పాఠాలా? రేపు సాయంత్రంలోగా దేశం విడిచి పో!"

నాగలింగం చేతులు జోడించాడు. అరవై ఏళ్ళ వయసులో, సూది తప్ప ఇంకేమీ తెలియని మనిషి ఎక్కడికి పోతాడు?

సభలో కోనప్ప అనే ఆస్థానకవి ఉన్నాడు. పద్యం కంటే ఎత్తిపొడుపు బాగా చెబుతాడని పేరు. అతను లేచి, "ప్రభూ, శాసనంలో ఒక్క అక్షరం అయినా మారుతుందా?" అని అడిగాడు.

"మా మాట శిలాక్షరం. మారదు!"

"అయితే రేపు ఆ పన్నెండుమందీ అవే అంగీలతో, తమ శాసనం ప్రకారమే సభకు వస్తారు. అక్షరం తప్పితే నన్నూ నాగలింగంతో పాటు తరిమేయండి. తప్పకపోతే అతణ్ణి వదిలేయండి."

"మేము అంగీకరిస్తే కదా!" అని రాజు మీసం మెలేసి పందానికి ఒప్పుకున్నాడు.

బయటికి రాగానే నాగలింగం, "నా కోసం మీరెందుకండీ కొరివితో తల గోక్కుంటారు?" అన్నాడు కంటతడితో.

"నా తల సంగతి నేను చూసుకుంటాను. నువ్వు రేపటికి ఇంకో దూది అంగీ కుట్టుకురా. రాజుగారి కొలతలు నీకు కంఠతా వచ్చు కదా," అన్నాడు కోనప్ప.

మర్నాడు సభ నిండింది. పన్నెండుమంది పహరావాళ్ళూ లోపలికొచ్చారు. ఒంటిమీద అవే అంగీలు, కాని నిలువెల్లా ఎర్రగా ఉన్నాయి. వాళ్ళు రెండడుగులు వేశారో లేదో ముందు వరుసలో తుమ్ములు మొదలయ్యాయి.

"ఏమిటిది?" అని అరిచాడు రాజు, ముక్కు మూసుకుని.

కోనప్ప వంగి దణ్ణం పెట్టాడు. "ప్రభూ, ఇది అంగీ. దానిమీద చల్లింది కారం. ఏ కొట్లోదో కాదు, తమ వంటశాలలో దంచిన కారం. రాజుగారి అంగీకారం లేనివాడు అంగీ తొడగరాదన్నారు. వీళ్ళకు రాజుగారి కారం దండిగా ఉంది!"

శాస్త్రులు మండిపడి లేచాడు. "అపచారం! అది ఏకపదం. దాన్ని విడదీయడానికి వీల్లేదు. అంగీ... అంగీ... హాచ్! ...కారం!"

"చిత్తం, శాస్త్రులుగారే విడదీశారు," అన్నాడు కోనప్ప.

సభ గొల్లుమంది. రాజు కోపంగా లేవబోయాడు. అంతలో ఘాటు నసాళానికంటి వరసగా ఏడు తుమ్ములు తుమ్మాడు. ఏడో తుమ్ముకు జరీ అంగీ వీపున పర్రుమని నిలువునా చిరిగింది. కిటికీలోంచి పుష్యమాసపు గాలి సరాసరి రాజుగారి వీపుకు తగిలింది.

నాగలింగం పరుగున వెళ్ళి, తెచ్చిన దూది అంగీ ఆయనకు తొడిగాడు. రాజు మెడ ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. చేతులు పైకెత్తి చూశాడు. ఒళ్ళంతా వెచ్చగా అయ్యేసరికి ముఖం విప్పారింది.

"అబ్బ! ఇంత సుఖమైన అంగీ మాకెప్పుడూ కుట్టలేదేం?"

"తమరు మెరుపు అడిగారు ప్రభూ, వెచ్చదనం ఎప్పుడూ అడగలేదు," అన్నాడు నాగలింగం.

కోనప్ప కారం డబ్బా పట్టుకుని ముందుకొచ్చాడు. "శాసనం తమకూ వర్తిస్తుంది. ఏలినవారి అంగీ మీద కూడా కాస్త చల్లమంటారా?"

"వద్దు బాబోయ్!" అని రాజు సింహాసనం వెనక్కి జరిగి, పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే ఆ శాసనం రాయి పీకించేయమన్నాడు. నాగలింగాన్ని దగ్గరికి పిలిచి, "నువ్వెక్కడికీ వెళ్ళవద్దు. చలికి వణికే ప్రతివాడికీ ఒక అంగీ కుట్టు. దూది మా కొట్టారం నుంచి వస్తుంది," అన్నాడు. ముసలాయన రాజు కాళ్ళమీద పడి, లేవలేక కోనప్ప చెయ్యి పట్టుకున్నాడు.

"కోనప్పా, నీకేం కావాలో కోరుకో!"

"ముందు ఈ పన్నెండుమందికీ స్నానానికి నీళ్ళు ఇప్పించండి ప్రభూ. మెడలు మండిపోతున్నాయి పాపం!"