ఆగిన చోటి నుంచి

మద్దిలేటికి కోపం వచ్చింది. ఈరమ్మ అనే ఒకావిడ మీద. ఆమెను అతను చూసింది కూడా లేదు.

"వీళ్లకు పంపడం రాదు తాతా," అన్నాడు హుసేనప్ప తాత ముందు కూర్చుని. "పాట సగం కూడా చేరకుండానే తెగ్గొడతారు. మళ్లీ నాకే ఫోన్ చేసి మీ సైటు మంచిది కాదంటారు."

తాత వేరుశనగ బుడ్డలు ఒలుస్తున్నాడు. తలెత్తలేదు.

కర్నూలు దగ్గర ఏటి ఒడ్డున తాత నడిపే చిన్న మఠంలో తత్వాలు పాడతారు. పాడే ముసలివాళ్లు ఒక్కొక్కరే పోతున్నారని తాతకు దిగులు. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం వదిలి తాత దగ్గర శిష్యుడిగా చేరిన మద్దిలేటి దానికో ఉపాయం చేశాడు. మఠానికి వెబ్‌సైటు పెట్టి, ఎవరైనా ఫోన్లో రికార్డు చేసిన పాటను అందులోకి అప్‌లోడ్ చేసే ఏర్పాటు చేశాడు.

ఫైళ్లు అందుకునే పనికి సిద్ధంగా దొరికే ఒక లైబ్రరీని, అంటే ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రాముల కట్టను వాడాడు. అది పెద్ద ఫైలును ముక్కలు ముక్కలుగా తీసుకుని చివర్లో అతికిస్తుంది. పాట అని పేరు పెట్టి ఇంకేదో పంపితే లోపల చూసి పట్టేస్తుంది. మధ్యలో తెగిందా, అంతవరకూ వచ్చిన ముక్కలన్నీ చెరిపేస్తుంది. ఈ చివరిది మద్దిలేటి కోరి పెట్టుకున్నది. తన సర్వర్లో సగం ఫైలు ఒక్కటి కూడా కనిపించదని అతనికి భలే గొప్ప. కొత్త కోడలు ఇల్లు ఊడ్చినట్టు ఊడ్చుకుంటాడు.

ఈరమ్మది గుట్టల్లో ఊరు. ఆమె భర్త సుంకన్న పేరున్న పాటగాడు. పక్షవాతం వచ్చి ఆయనకు మాట పడిపోయింది. అంతకుముందు పాడిన ఒక పెద్ద తత్వం ఆమె ఫోన్లో ఉంది. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. ఆ ఫోనేమో తెర పగిలి, ఇవాళో రేపో అన్నట్టుంది. మంచాన ఉన్న మనిషిని వదిలి ఆమె మఠానికి రాలేదు. గుట్ట ఎక్కితే సిగ్నలు అందుతుంది. కాసేపటికి పోతుంది. 'విఫలం, మొదటి నుంచి పంపండి' అంటుంది పేజీ. ఆమె మళ్లీ గుట్ట ఎక్కుతుంది.

"కడాకు ఏమనింది ఆ యమ్మ?" అన్నాడు తాత.

"ఇంక నా చేత కాదు సామీ అని ఫోన్ పెట్టేసింది. పోనీలే, నేనే పోయి ఆ ఫోను తెస్తా."

"తేప్పా. ఫోన్ కూడా చేయకుండా మానుకున్నోళ్లుంటారే, వాళ్ల ఇండ్లు యాడుండాయో ఎరుకనా నీకు?"

తాత ఆ మాట అంతటితో వదిలేశాడు.

"అది సరే గానీ, మీ నాయన పోయిన పొద్దు సంగతి ఎప్పుడూ చెప్పలేదే నువ్వు. ఈ పొద్దు చెప్పు."

మద్దిలేటి తెల్లబోయాడు. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పుకోలేదు. తాత అడిగాక కాదనలేక మొదలుపెట్టాడు. నాయనకు బాగాలేదని కబురు అంది బస్సులో రావడం, వాకిట్లో ఎవరెవరివో చెప్పులు కనబడటం. అంతలో పాలు పోసే ఆవిడ వచ్చింది. తాత పాలు అందుకుని, వాళ్ల ఎనుము ఈనిందా అని అడిగి, తీరిగ్గా వచ్చి కూర్చున్నాడు.

"మొదట్నుంచి చెప్పు."

చెప్పాడు. బస్సు, చెప్పులు, లోపల నాయన నీళ్లడగడం, తను చెంబు తీసుకుని మంచం దగ్గరికి పోవడం. ఆయన చెంబు అందుకోకుండా తన చెయ్యి పట్టుకోవడం. తాత లేచి పోయి, ఎండలో ఆరేసిన పంచె తీసి మడతపెట్టి వచ్చాడు.

"మొదట్నుంచి చెప్పు."

మద్దిలేటి నోరు తెరిచాడు. మళ్లీ ఆ బస్సెక్కడం, మళ్లీ ఆ చెప్పులు దాటుకుని లోపలికి పోవడం అతని వల్ల కాలేదు.

"ఇంక నా చేత కాదు తాతా," అన్నాడు. అన్నాక, ఎవరి మాట తన నోట వచ్చిందో తెలిసింది.

తాత బుడ్డల చేట పక్కకు నెట్టాడు. దగ్గరికి జరిగి అతని మోకాలి మీద చెయ్యి వేశాడు.

"మీ నాయన చెంబు తీసుకోలేదు, నీ చెయ్యి పట్టుకున్నాడు. ఆడికొచ్చింది. ఆడ నుంచి చెప్పు నాయనా."

మద్దిలేటి అక్కడి నుంచి చెప్పాడు. ఏడుస్తూ చివరిదాకా చెప్పాడు. ఈసారి వాకిట్లో ఎవరో పిలిచినా తాత లేవలేదు.

తర్వాత మద్దిలేటి మొహం కడుక్కుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తెగిన ఫైలును ఆగిన చోటి నుంచి అందుకునే వసతి ఆ లైబ్రరీలోనే ఉంది. అక్కర్లేదని ఆపేసింది తనే. ఇప్పుడు దాన్ని తెరిచాడు. సగంలో ఆగిన ముక్కలను ఎన్నాళ్లు ఉంచాలో అది చెప్పమంది.

"ఎన్నాళ్లని పెట్టల్ల తాతా?"

"వాళ్లింక రారని నీకు ఎట్ల తెలుస్తాది?"

"తెలీదు."

"అట్లయితే ఉండనీ."

ఈరమ్మకు ఫోన్ చేసి, తప్పు నాదేనమ్మా, ఒక్కసారి మళ్లీ గుట్ట ఎక్కమని బతిమాలాడు. ఆ సాయంత్రం పాట కొంత వచ్చింది. మర్నాడు ఇంకొంత. సిగ్నలు పోయినప్పుడు ఆగింది, అందినప్పుడు కదిలింది. ఆమె భర్తకు గంజి తాగించి వచ్చేదాకా ఆగింది. ఆఖరికి మొత్తం చేరింది.

గురువూ శిష్యుడూ పక్కపక్కన కూర్చుని విన్నారు. సుంకన్న గొంతు నిండుగా ఉంది. పాట మంచి పట్టులో ఉండగా ఆయనకు దగ్గు తెర వచ్చింది. ఎంతకీ తగ్గలేదు. తంబుర ఒక్కటే మోగుతోంది. అప్పుడు పక్క నుంచి ఒక ఆడగొంతు, ఆయన వదిలేసిన మాటను మెల్లగా అందించింది.

ఆ గొంతు మద్దిలేటికి తెలుసు, ఫోన్లో విన్నదే.

సుంకన్న ఆ మాట అందుకుని పాడసాగాడు. మద్దిలేటి తల దించుకుని విన్నాడు.