కొండ మెట్ల మీద ‘టేక్’

మా యజ్ఞేశ్వరానికి ‘టేక్’ అనే ఇంగ్లీషు మాటకున్న అర్థాలన్నీ వచ్చు. వచ్చి ఏం లాభం, అవసరానికి ఒక్కటీ నోటికి రాలేదు.

కృష్ణ ఒడ్డున మా ఊరి కొండ మీద పాత బౌద్ధ గుహలున్నాయి. చూడ్డానికొచ్చే విదేశీయులకు ఒక గైడు కావాలన్నారు. వేదపాఠశాలలో చదివిన యజ్ఞేశ్వరం ఆ ఉద్యోగం మీద ఆశతో జ్ఞానప్రకాశం మాస్టారి అరుగు మీద మాతోపాటు ఇంగ్లీషుకు కూర్చున్నాడు. మాస్టారు మిషను బళ్ళో పనిచేసి రిటైరైన మనిషి. ఎండ చల్లబడ్డాక వాకిట్లో నీళ్ళు చల్లించి, అరుగు మీద చాప పరిపించేవారు. ఆ తడిమట్టి వాసన ఎక్కడ తగిలినా నాకు ఇప్పటికీ ఆయనే గుర్తొస్తారు.

మేమంతా తప్పుల తడకగా ఏదో ఒకటి మాట్లాడేసేవాళ్ళం. యజ్ఞేశ్వరం అలా కాదు. డిక్షనరీ ముందు పెట్టుకుని, వేదంలో పనసలు వల్లించినట్టు స్వరంతో సహా వల్లించేవాడు. టేక్ ఆఫ్ అనగా బట్టలు విప్పుట, విమానము లేచుట. టేక్ ఆఫ్టర్ అనగా పోలికలు వచ్చుట. వీధిన పోయేవాళ్ళు ఇదేదో అయిదో వేదంలా ఉందే అని ఆగి వినేవారు. మాస్టారు మాత్రం నవ్వకుండా, స్వరం ఎక్కడా తప్పలేదు నాయనా అనేవారు. మావాడు దాన్ని మెచ్చుకోలు కిందే జమ కట్టుకున్నాడు.

ఒకరోజు సింహళం నుంచి ఒక పెద్దావిడ వస్తే, ఎలా చేస్తాడో చూద్దామని ఇతన్ని వెంట పంపారు. సగం మెట్లెక్కి ఆవిడ చతికిలబడిపోయి ఏదో అడిగింది. ఇతను కళ్ళు మూసుకుని, జవాబుకు టేక్ అర్థాల్లో ఏది వాడాలా అని మొదటి నుంచీ మననం చేసుకోవడం మొదలెట్టాడు. కళ్ళు తెరిచేసరికి ఆవిడ మెట్లు దిగి పోతోంది. శుక్రవారం ఇంకొక్కసారి చూస్తాం, అప్పుడూ ఇంతే అయితే వేరేవాణ్ణి పెట్టుకుంటామని గుహల అధికారి చెప్పేశాడు. ఇంట్లో భార్యకు నెలలు నిండుతున్నాయి. ఆ ఉద్యోగం తప్ప వేరే దిక్కు లేదు.

మర్నాడు పొద్దున్నే, నేను అక్కడుండగానే వచ్చి మాస్టారి ముందు నిలబడ్డాడు.

"నేను నేర్వని అర్థాలు ఇంకా ఏమన్నా మిగిలాయా మాస్టారూ?"

ఆయన చేతికర్ర అందుకుని, కొండ దాకా పోయొద్దాం పదమన్నారు. మోకాళ్ళు అరిగిపోయి ఆయన కొండెక్కడం మానేసి ఏళ్ళయింది. వద్దని నేను ఎంత బతిమాలినా వినకుండా, నువ్వూ రా అమ్మా అన్నారు. కొండ దిగేదాకా ఎవరూ తెలుగు మాట్లాడకూడదని షరతు పెట్టారు.

సగం మెట్లకే ఆయన మొహం పాలిపోయింది. అక్కడే కూర్చుండిపోయారు. అది పాఠం కోసం వేసిన వేషం కాదు, రొమ్ము ఎగిసెగిసి పడుతోంది.

యజ్ఞేశ్వరం సంచిలో ఎప్పుడూ ఒక రాగి మరచెంబు ఉండేది. ఆచారం గల మనిషి, మా ఇళ్ళల్లో చుక్క నీళ్ళు ముట్టేవాడు కాదు. ఆ చెంబును మమ్మల్ని ముట్టనిచ్చేవాడూ కాదు. మాస్టారు ఆ సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. ఇప్పుడు ఇతను ఆ చెంబు మూత తిప్పి ఆయనకు అందించబోతే, ఆయనే చెయ్యి వెనక్కి తీసుకుని వద్దన్నట్టు తల ఊపారు.

"టేక్, సర్," అన్నాడు యజ్ఞేశ్వరం.

ఆయన కదల్లేదు. ఇతను కింది మెట్టు మీద మోకాళ్ళూని, ఆయన వేళ్ళను తన చేత్తోనే చెంబు చుట్టూ ముడిచాడు.

"ప్లీజ్ టేక్. స్లోలీ. టేక్ యువర్ టైమ్. ఐ యామ్ హియర్."

ఎత్తి పోసుకునే ఓపిక లేక, మాస్టారు చెంబును పెదవులకు ఆనించుకుని తాగారు. కాసేపటికి ఊపిరి కుదుటపడింది. షరతు పెట్టిన ఆయనే తెలుగులోకి దిగారు.

"అది ఎన్నో అర్థం నాయనా?"

"చూసుకోలేదండి."

"మరి దేన్ని చూశావు?"

యజ్ఞేశ్వరం ఆయన చేతిలోంచి చెంబు తీసుకుని, మిగిలిన నీళ్ళు తానూ పెదవులకు ఆనించుకునే తాగాడు.