నింపకూడని కుండ

ఒక ముసలమ్మ ఎండదారిలో చలివేంద్రం పెట్టింది. ఆ దారిలో కాకులు కూడా నడిచిపోయేవి; ఎగిరితే సూర్యుడికి దగ్గరవుతామని భయం.

మొత్తం ఎనిమిది కుండలు. వరసలో పెడితే చివరిది అయ్యాక మళ్లీ మొదటిదాకా నడవాలి. అందుకే చక్రంలా పెట్టింది; మొదలూ లేదు, చివరా లేదు. పనికి ఇద్దరు. పోసేవాడు ఒక కుండ నింపి పక్కదానికి జరుగుతాడు. పంచేది వాడి వెనకే ఒక్కోటీ ఖాళీ చేసుకుంటూ తిరుగుతుంది. దుమ్ము పడకుండా మూతలకు తడిగుడ్డలు కట్టారు. వంతు రాకుండా ఎవరూ విప్పకూడదు.

మూడువందల ఏళ్ల ముసలమ్మ నడుమ పీటేసుకుని వాళ్లిద్దరి కాళ్లే చూస్తూ ఉంటుంది. "పంచేది పోసేవాణ్ణి అందుకుని, ఇద్దరూ ఒకే కుండ దగ్గర నిలబడ్డారంటే అన్నీ ఖాళీ. ఇదీ నా శాస్త్రం," అని ఏడు ఊళ్లకు వినపడేలా చెప్పుకునేది.

ఒకరోజు వడగాలికి పొద్దుటినుంచీ దారిన ఎవరూ రాలేదు. మధ్యాహ్నం ఒక తల్లి చంటిపిల్లతో వచ్చింది.

"అవ్వా, పిల్ల నాలుక పిడచ కట్టింది. చుక్క పోయించు."

ముసలమ్మ కాళ్లు చూసింది. ఇద్దరూ ఒక్కచోటే ఉన్నారు. "ఖాళీ, తల్లీ. నింపేదాకా ఆగు."

"అవ్వా, నేను ఇందాకే..." అన్నాడు పోసేవాడు.

"నీళ్లు నోట్లోంచి రావు. బిందె ఎత్తు."

"అది కాదవ్వా," అంది పంచేది.

"నువ్వు నాకు చెప్పొచ్చావా? నేను పుట్టాక కదే నీళ్లు పుట్టింది."

పోసేవాడు పోశాడు. నీళ్లు అంచు దాటి నేలపాలయ్యాయి. ఆ తల్లి గభాలున వంగి, కొంగు బురదలో అద్ది, పిల్ల పెదవుల మీద పిండింది.

ముసలమ్మ పీట మీంచి ఎలా దిగిందో ఆమెకే తెలియదు. గుడ్డలన్నీ తానే విప్పింది. ఎనిమిదీ నిండుగా ఉన్నాయి. మంచినీళ్లు తానే తాగించింది. పిల్ల కళ్లు తెరిచింది. ముసలమ్మ మాత్రం తల ఎత్తలేదు.

"ఏమీ లేకున్నా ఒక్కచోటే నిలబడతారు, అన్నీ నింపి వాడు చుట్టు తిరిగొచ్చినా ఒక్కచోటే నిలబడతారు," అంది చివరికి. "ఇది తట్టడానికి నాకు మూడువందల ఏళ్లు పట్టింది."

"ఎన్ని నిండాయో నువ్వే గుర్తుపెట్టుకోరాదా అవ్వా?" అంది పంచేది.

"పొద్దున నేనేం తిన్నానో చెప్పు."

"నువ్వింకా తినలేదు."

"చూశావా? నేను గంజి తాగాననుకుంటున్నాను."

ఆనాటినుంచి ఒక కట్టుబాటు పెట్టింది. చుట్టు తిరిగొచ్చేటప్పుడు, పంచేదాని కుండకు వెనక ఉన్న కుండ దగ్గరే పోసేవాడు ఆగిపోవాలి. దాన్ని నింపకూడదు. ఇక ఇద్దరూ ఒక్కచోట ఉన్నారంటే నిజంగానే అన్నీ ఖాళీ.

కొన్నాళ్లకు ఒక పండితుడు వచ్చి, తాగి, మూతి తుడుచుకుని చుట్టూ చూశాడు.

"ఎనిమిది పెట్టి ఏడే నింపుతారేం? ఆ ఎనిమిదో దానిలో ఏముంది?"

"నా తెలివి, నాయనా."

అతను మూత తీసి, వంగి, చాలాసేపు చూశాడు. "ఇందులో ఏమీ లేదే."

"సరిగ్గానే చూశావు," అంది ముసలమ్మ. "ఇక పక్కకు జరుగు. నీ వెనక దాహంతో ఉన్నవాళ్లున్నారు."