పిల్లలకోడీ, పొడుగు దుర్భిణీ

అనగనగా అనే మాట ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, నెమళ్ళకొండ అని ఒక ఎత్తైన కొండ ఉండేది. ఆ కొండ మీద ఊరు నెమళ్ళది, పెద్దరికం నెమళ్ళది. వాటి మధ్య ఒకే ఒక్క కోడి కాపురం ఉండేది. దాని పేరు మంకెనమ్మ.

మంకెనమ్మ ఆ కొండది కాదు. అది పొదిగే గంపను ఎవరో బండి మీద పెట్టుకుని కొండ దాటుతుంటే, మలుపులో గంప జారి పొదలో పడింది. బండి వెళ్ళిపోయింది. తిరిగి దిగే దారి మంకెనమ్మకు తెలియలేదు. గుడ్లు వదిలి వెతకడానికి మనసు రాలేదు. ఆ పొదలోనే ఆరు పిల్లలు పుట్టాయి.

పిల్లలు నెమళ్ళ మాట నేర్చాయి. నెమళ్ళ నడక నడిచాయి. తల్లిని తప్ప మరో కోడిని అవి ఎరుగవు.

ఒకనాడు గోరంత అనే కడగొట్టు పిల్ల అడిగింది. "అమ్మా, మనలాంటివాళ్ళు ఇంకెక్కడా లేరా?"

"ఎందుకు లేరే! కింద ఊళ్ళో ఉన్నారు. ఆకాశంలోనూ ఉన్నారు. అక్కడొక తల్లి తన పిల్లలను వెంటేసుకుని మేతకు పోతూ ఉంటుంది. ఆ చుక్కల గుంపును పిల్లలకోడి అంటారు. మా అమ్మ చెప్పింది."

"నువ్వు చూశావా?"

మంకెనమ్మ తల దించుకుంది. పొద్దు గుంకితే కోడికి చూపు ఆనదు. తరతరాలుగా కోళ్ళు పిల్లలకోడి గురించి చెప్పుకోవడమే కానీ, కంటితో చూసిన కోడి లేదు.

ఆ కొండ మీద ఒక ఆచారం ఉంది. మార్గశిరంలో ఆకాశం తేటపడిన సాయంత్రాల్లో, రోజుకొక ఇంటివారు తమ దుర్భిణిని పెద్దబండ మీద నిలుపుతారు. ముందు ఆ ఇంటి కడగొట్టు బిడ్డ చూసి, ఏం కనబడిందో గట్టిగా చెప్పాలి. ఆ తరువాత ఊరంతా చూస్తుంది. ఆ ఏడు మంకెనమ్మకూ ఒక వంతు వచ్చింది. దుర్భిణి వెలుగును పోగుచేసి చూపిస్తుంది కనుక, దానిలోంచి కోడి కంటికీ చుక్కలు ఆనుతాయట.

"ఏం చూపిస్తావు వదినా?" అని అడిగింది పొరుగింటి ఆడనెమలి నీలాంబ.

"పిల్లలకోడిని."

నీలాంబ పకపకా నవ్వింది. "ఆకాశానికెక్కినా మీవాళ్ళు పెంట కెలకడం మానలేదా! మేం పోయినేడు శనిని చూపించాం. చుట్టూ వలయం, ఎంత దర్జాగా ఉందనుకున్నావు!"

మంకెనమ్మ తానూ నవ్వింది. నవ్వుతూ తన కాళ్ళ వైపు చూసుకుంది. పొద్దున గోకిన మట్టి గోళ్ళకు ఇంకా అంటుకునే ఉంది.

కొండ మీద దుర్భిణులు అమ్మేది తాబేలు కచ్ఛపయ్య. మంకెనమ్మ ఏడాదంతా ఏరి దాచిన నూకల మూట పట్టుకుని అతని అంగడికి వెళ్ళింది. నీలాంబ కూడా వెంట వచ్చింది.

కచ్ఛపయ్య డిప్పలోంచి మెడ బయటకు చాచాడు. "ఏం చూడాలి తల్లీ?"

"అందరూ చూసేదే, కచ్ఛపయ్యా."

"అందరూ ఒకటే చూడరు. నువ్వేం చూడాలి?"

"మంచిదేదైనా సరే."

"మంచి చెడ్డలు గాజుకు లేవమ్మా. పనిని బట్టే గాజు. నీ పిల్లలకు ఏం చూపించాలని నీకు మనసులో ఉంది?"

మంకెనమ్మ నోరు తెరిచింది. వెనక నీలాంబ తోక సర్దుకున్న చప్పుడు వినిపించింది.

"శని," అంది మంకెనమ్మ. "వలయాలు."

కచ్ఛపయ్య ఒక క్షణం ఆమెను చూసి, పొడుగాటి గొట్టం తీసి ఇచ్చాడు. నీలాంబ మెచ్చుకుంది. ఆ మెప్పు ఇంటిదాకా మోసుకుపోవాలన్నంత తియ్యగా తోచింది మంకెనమ్మకు.

వంతు వచ్చిన సాయంత్రం పెద్దబండ మీద ఊరంతా చేరింది. పొడుగు దుర్భిణిని చూసి నెమళ్ళు తలలూపాయి. పిల్లలకోడిని చూపిస్తానని ఇంట్లో పిల్లలకు ఇచ్చిన మాట మంకెనమ్మకు గుర్తుంది. చీకట్లో చూపు ఆనే నెమలినొకదాన్ని పిలిచి, గొట్టాన్ని పిల్లలకోడి చుక్కల గుంపు వైపు తిప్పమని చెవిలో చెప్పింది. గోరంత రాయి మీదికెక్కి కన్ను ఆనించింది.

"ఏం కనబడిందే?" అని అడిగారు అందరూ.

"ఒక చుక్క," అంది గోరంత. "ఒకటే ఉంది. అమ్మా, మిగతావాళ్ళేరీ?"

ఎవరో కిసుక్కున నవ్వారు. 'నేను అడగవలసినది అడగలేదు, అందుకే తప్పు గొట్టం వచ్చింది' అని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట మంకెనమ్మ అనలేదు.

"లేరమ్మా," అంది గబగబా. "ఎటో పోయినట్టున్నారు. దిగు, దిగు."

ఆ మర్నాడు పిల్లలు మేతకు రాలేదు. ఆరూ తల్లి రెక్కల కింద దూరి, ఎంత నెట్టినా బయటకు రామన్నాయి. నూకలు చల్లితే ముట్టలేదు.

"ఏమైందర్రా?"

"ఆకాశంలో అమ్మ తన పిల్లల్ని పోగొట్టుకుంది కదా," అంది గోరంత. "బయటికెళ్తే నువ్వూ మమ్మల్ని పోగొడతావు."

మంకెనమ్మకు నిన్నటి సిగ్గు గడ్డిపరకలా తోచింది. ఈ సిగ్గు రాయిలా గుండె మీద కూర్చుంది.

"లేదు తల్లీ. వాళ్ళెక్కడికీ పోలేదు. అబద్ధమాడింది నేను," అంది. పిల్లలు నమ్మీ నమ్మనట్టు చూశాయి. ఆ చూపు దానికి మరీ కష్టమైంది.

పిల్లలను వెంటేసుకుని, గొట్టం ఈడ్చుకుంటూ అంగడికి పోయింది. "కచ్ఛపయ్యా, నీకూ అబద్ధం చెప్పాను. నాకు శని అక్కర్లేదు. పిల్లలకోడి కావాలి."

"శనిని అడిగి మరీ ఇంటికి తెచ్చుకున్నది నువ్వొక్కదానివే తల్లీ!" అన్నాడు తాబేలు. నవ్వలేదు మాత్రం. "విను. పొడుగు గొట్టం దూరానిదాన్ని బాగా దగ్గరికి లాగుతుంది, కానీ దాని కిటికీ ఇరుకు. శనికి అది చాలు, గుంపుకు చాలదు. అదిగో, ఆ పెద్ద అద్దం ఉన్న బానలాంటి దుర్భిణి మసక వెలుగులను వాననీళ్ళలా పట్టుకుంటుంది, కానీ నువ్వూ నీ పిల్లలూ కలిసినా మోయలేరు. ఇదిగో, ఈ చిన్న జంట గొట్టాలు. కొంచెమే లాగుతాయి. కిటికీ మాత్రం వెడల్పు. తల్లీ పిల్లలూ అందరూ పడతారు."

గొట్టం మార్చుకుంది. కానీ వంతు అయిపోయింది. ఆ సాయంత్రం వంతు నీలాంబది.

మంకెనమ్మ పొరుగింటి గడపలో నిలబడింది. "వదినా, నిన్న చూపించినది శని కాదు. పిల్లలకోడి. నువ్వు నవ్వుతావని దాచాను. దాచి నా పిల్లలను భయపెట్టాను. నీ వంతులో మాకు కాస్త చోటిస్తావా?"

నీలాంబ తోక ఈకలు సర్దుకోవడం ఆపింది. "నా మాటకేనా ఇదంతా?" అంది చిన్నగా. "రా వదినా. ముందు నువ్వే నిలుపు."

ఆ సాయంత్రం ఊరంతా వింటుండగా మంకెనమ్మ చెప్పింది: "ఇది మావాళ్ళ చుక్కల గుంపు. దీని పేరు పిల్లలకోడి."

గోరంత కళ్ళు ఆనించింది.

"అమ్మా, ఉన్నారు! అందరూ ఉన్నారు! దగ్గర దగ్గరగా నడుస్తున్నారు!"

పిల్లలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ చూశాయి. నీలాంబ చూసింది. "ఇందులో తల్లి ఏది వదినా?" అని అడిగింది, ఎగతాళి లేకుండా.

చివరికి మంకెనమ్మ వంతు. కన్నీళ్ళు అడ్డొచ్చి దానికి ముందు ఏమీ కనబడలేదు. పిల్లలు నవ్వకుండా, తొందరపెట్టకుండా, దాని కాళ్ళ చుట్టూ నిలబడి ఆగాయి. కళ్ళు తేటపడ్డాక, తన తల్లి చెప్పిందే కానీ చూడని తల్లిని అది చూసింది.

అందుకే పెద్దలంటారు: మనసులో ఉన్నది అడగడానికి సిగ్గుపడితే అక్కరలేనిది చేతికొస్తుంది, తప్పు ఒప్పుకోవడానికి సిగ్గుపడితే ఆ బరువు బిడ్డల మీద పడుతుంది.