జ్వరునికి గంజి పోసిన మనోరమ

పూర్వం కృతయుగంలో, గోమతీ తీరాన, హరితాశ్వుడనే మహర్షి తన ధర్మపత్ని మనోరమతో తపోవృత్తిలో కాలం గడుపుతుండేవాడు. అయిదుగురు బిడ్డలను పసితనంలోనే రోగాలకు పోగొట్టుకున్న ఆ దంపతులకు ఆరవవాడుగా సుకేతుడు కలుగగా, మహర్షి తన తపఃఫలమంతా ధారపోసి, ఏడుగురు మంత్రపురుషులను సృజించి, పసివాని దేహానికి కావలి ఉంచాడు. ఆయన మహాజ్ఞానే గాని, ఆచారం దగ్గర కాస్త చాదస్తుడు. "నామగోత్రాలు విచారించక ఎవరిపైనా ఆయుధమెత్తకండి" అని వారికి కట్టడి చేశాడు.

సుకేతునికి మూడేళ్ళు నిండిన వసంతంలో, కోసిన దర్భమోడు ఒకటి వాని మడమలో దిగింది. ఆ గాయంగుండా, కంటికి కనరానంత చిన్నవాడైన సూక్ష్మదంష్ట్రుడనే రాక్షసుడు లోపల ప్రవేశించాడు. మంత్రపురుషులు ఎదురేగి, చేతులు జోడించి, "ఆర్యా, తమరి గోత్రం?" అన్నారు. వాడు అంతకంటె మర్యాదగా కూర్చొని, ఏడుతరాల ముత్తాతనుండి మొదలుపెట్టి, ఒక్కొక్క పేరు పలికేలోగా ఒకడు ఇద్దరై, ఇద్దరు నలుగురై పెరిగిపోయాడు. బిడ్డ స్పృహ తప్పాడు.

మనోరమ వాణ్ణి భుజాన వేసుకొని, తన పాతివ్రత్య మహిమచేత బ్రహ్మలోకానికి చేరింది.

"అమ్మా, కావలివారు ఆజ్ఞ తప్పలేదు గదా" అన్నాడు చతుర్ముఖుడు.

"తప్పకపోవడమే తప్పయింది, స్వామీ! బిడ్డ కంచంమీద వాలే కాకిని తోలడానికి దాని గోత్రం అడుగుతానా? నాకు పేర్లడగని కావలివాళ్ళను ఇయ్యి. ఈ ఒక్కణ్ణైనా నాకు దక్కించు!"

ఆ మాటకు విధాత మనసు కరిగింది. ఆయన బిడ్డ చర్మాన్ని కోటగోడగా నిలిపి, కన్నీటికి, లాలాజలానికి, ముక్కులోని చీమిడికి సైతం కావలి పని ఒప్పగించి, కడుపులో ఆమ్లాగ్నిని రగిల్చి, పరాయివాడు కనబడితే చాలు మింగివేసే భక్షకులను నెత్తుటిలో విడిచిపెట్టాడు. మంత్రపురుషులను వెనుక నిలిపి, శత్రువుల పేర్లు తీరిగ్గా తెలుసుకొని గుర్తుంచుకొమ్మన్నాడు. చిట్టచివర, ఒంటిని కాల్చి శత్రువును ఉడికించే పనికి పిలిచిన రక్తనేత్రుడైన జ్వరుడు మాత్రం కదలక నిలబడ్డాడు.

"తల్లీ, నేను తాకితే బిడ్డ ఏడుస్తాడు. నువ్వు నన్ను తిడతావు."

"తిడతాను. అయినా రా, నాయనా."

అన్నంత పనీ చేసింది. ఆశ్రమానికి తిరిగివచ్చాక, గాయం ఎర్రబడి, వాచి, చీము కట్టి, పిల్లవాడు పెనంలా కాలుతూ మూలుగుతుంటే, మూడు దినాలు ఆ తల్లి తడిగుడ్డ వేస్తూ జ్వరుణ్ణి తిట్టని తిట్టు లేదు. వాడు తలవంచుకొని, రాక్షసమూకను ఉడికిస్తూనే ఉన్నాడు. భక్షకులు సోలినవారిని సోలినట్టే మింగారు. నాలుగవనాటి ఉదయం సుకేతుని నుదుట చెమట పట్టింది. వాడు కళ్ళు తెరిచి, "అమ్మా, ఆకలి" అన్నాడు. మనోరమ వాణ్ణి గుండెకు హత్తుకొని, బావురుమని ఏడ్చింది.

జ్వరుడు చప్పుడు చేయకుండా గడప దాటబోతుంటే ఆమె చూసింది.

"ఎక్కడికి? మూడు రోజులై మెతుకు ముట్టలేదు. కూర్చో!"

బిడ్డకు కాచిన గంజి వానికీ ఒక గిన్నెలో పోసింది. అది చూసి బ్రహ్మ ముచ్చటపడి, "పని ముగిసిన ఒంట నువ్వు నిలువవద్దు. నువ్వు విడిచిన ప్రతి ఇంటా తొలి గంజిలో నీకు భాగం కలుగుగాక!" అని ఆకాశంనుండి వరమిచ్చాడు. నాటినుండి ఆ కావలి లోకంలోని బిడ్డలందరికీ కలిగి, వారు కుదుటపడ్డారు. ఈ కథ విన్న తల్లుల ఒడి నిండుగా ఉండుగాక!

జ్వరుడు ఆ వరం విన్నాడో లేదో. పుట్టి బుద్ధెరిగాక ఒకరు పిలిచి పెట్టడం వానికి అదే మొదలు. రెండు చేతులా గిన్నె అందుకొని, ఆత్రంగా నోటి దగ్గర పెట్టుకుంటుంటే, మనోరమ వాని చెయ్యి పట్టుకొని ఆపింది.

"ఊదుకొని తాగు, నాయనా. నోరు కాలుతుంది."